మూడో ముద్దాయి

జూన్ 3

ఒరేయ్ చిన్నోడా,

నువ్వూ, మరదలూ, నీ గుండీల ఫ్యాక్టరీ అంతా బాగున్నారనుకుంటాను. నేను మాత్రం ముద్దాయినయ్యాను.

మొన్న మధ్యాహ్నం షాపులో ఒకావిడ గౌను నడుము దగ్గర బిగిస్తున్నాను. నోట్లో ఆరు గుండుసూదులున్నాయి. ఎవరో పెద్దమనిషి లోపలికొచ్చి నా పేరు చెప్పి "మీరేనా?" అన్నాడు. "ఊఁ" అన్నాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడేమోనని నేను అప్పటికే ఆయన నడుము కళ్ళతోనే కొలిచేశాను. తీరా చూస్తే కోర్టు సమన్లు! మీ కంపెనీ ఇచ్చిన చెక్కు బ్యాంకులో డబ్బు లేక తిరిగొచ్చిందట. అది నేరమట. మొదటి ముద్దాయి కంపెనీ, రెండో ముద్దాయి నువ్వు, మూడో ముద్దాయి నేను.

కంపెనీని ముద్దాయిని ఎలా చేస్తార్రా? బోనులో ఎవరు నిలబడతారు, గుండీలు మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్మా? మీ బావ ఆ ముక్క చదివి కుర్చీలోంచి పడేంత నవ్వాడు. నాకు కూడా నవ్వొచ్చింది గానీ ఆయన ముందు నవ్వలేదు.

నేను డైరెక్టర్నన్న సంగతే మర్చిపోయాను. ఆరేళ్ళ క్రితం "ఇద్దరుండాలంటక్కా, ఒట్టి పేరే, ఇక్కడొక సంతకం పెట్టు" అన్నావు. పెట్టాను. తమ్ముడు అడిగితే ఏ అక్క చదివి సంతకం పెడుతుంది?

నా భయం ఒక్కటే. ఆస్పత్రి నర్సుల యూనిఫారాల ఆర్డరు సెప్టెంబరులో మళ్ళీ రాయించుకోవాలి. ఆ ఫారంలో "నా మీద ఏ క్రిమినల్ కేసూ లేదు" అని రాసివ్వాలి. నా షాపులో ఆరుగురు ఆడవాళ్ళు ఆ ఆర్డరు మీదే బతుకుతున్నారు. అది పోతే ఆరు మిషన్లకీ గుడ్డ కప్పి కూర్చోవాలి.

వెంటనే జవాబు రాయి. ఫోన్ చేయకు. మీ మిషన్ల మోతలో నువ్వు "ఆఁ, ఆఁ" అనడం తప్ప నాకేమీ వినపడదు. కాగితం మీదైతే తప్పించుకోలేవు.

అన్నట్టు, బంగారు రంగు గుండీలు ఆపేయమన్నాను కదా, ఆపేశావా? అవి పెట్టుకున్నవాడు బ్యాండుమేళంలో బాకా ఊదేవాడిలా ఉంటాడు. పిల్లల చొక్కాలకు ఇకమీద నాలుగు రంధ్రాలవే చెయ్యి. రెండు రంధ్రాలవాటిని పిల్లలు ఒక్క పూటలో పీకేస్తారు.

అక్క

జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం అన్నం తింటూ విప్పాను. మొదటి నాలుగు లైన్లకే కంచం పక్కకు నెట్టాను. ఇది నీ గుమ్మం దాకా వస్తుందని ఒట్టు, నేను అనుకోలేదు. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

జరిగింది ఇదీ. గుండీలు పోయడానికి కావలసిన రెజిన్ మొదటి రోజు నుంచీ ఒకే షావుకారు దగ్గర కొంటున్నాను. కిందటేడు కోట్లు కుట్టించి అమ్మే కంపెనీ ఆయన ఒకాయన లక్ష గుండీలు ఆర్డరిచ్చాడు. ఎగిరి గంతేసి చేయించాను. సరుకు పట్టుకెళ్ళి, డబ్బు వచ్చే నెల అన్నాడు. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు, ఆయన షాపుకు తాళం మాత్రం వచ్చింది. ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో నేను షావుకారుకి చెక్కు రాసిచ్చాను. అది తిరిగొచ్చింది.

తిరిగొచ్చిన మరుక్షణం కేసు కాదక్కా. పదిహేను రోజుల్లో కట్టేయమని ముందు నోటీసు ఇస్తారు. ఆ లోపు కట్టేస్తే గొడవే లేదు. నాదీ నీదీ రెండు నోటీసులూ ఫ్యాక్టరీకే వచ్చాయి. సొరుగులో పెట్టాను. ఇవాళ ఇస్తాడు, రేపిస్తాడు అనుకుంటూ ఆ సొరుగు తెరవడమే మానేశాను. పద్దెనిమిదో రోజు తెరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

మా లాయరుగారు తాపీ మనిషి. "కంపెనీ తనంతట తాను తప్పు చేయదు, నడిపేవాళ్ళు చేయిస్తారు. అందుకే కంపెనీతో పాటు, చెక్కు ఇచ్చిన రోజుల్లో దాని వ్యవహారాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళనీ చట్టం పట్టుకుంటుంది" అన్నారు. చెక్కు మీద సంతకం నాది, పెత్తనం నాది. నాకు దారి లేదు. నీకుంది. డైరెక్టరని పేరుంటే చాలదట, నిజంగా పనులు చూసి ఉండాలట. "కంపెనీ వ్యవహారాల్లో నా ప్రమేయం లేదు, వాటి గురించి నాకేమీ తెలియదు" అని ప్రమాణ పత్రం రాయించి పంపుతున్నాను. సంతకం పెట్టి పంపు, చాలు. జూలై 24న వాయిదా.

బంగారు రంగువి నువ్వు చెప్పినట్టే ఆపేశాను. నాలుగు రంధ్రాలవి మొదలుపెట్టాం.

చిన్నోడు

జూన్ 14

చిన్నోడా,

నీ ప్రమాణ పత్రం చదివాను. రెండోసారి నిలబడి చదివాను. "వాటి గురించి నాకేమీ తెలియదు" అని నేను సంతకం పెట్టాలా?

ఆరేళ్ళుగా వారానికొక ఉత్తరం రాస్తున్నదెవరు? పాలిష్ డ్రమ్ము కిటికీ దగ్గరికి జరపమన్నదెవరు? పొద్దున తొమ్మిదిన్నరకి కాదు, ఎనిమిదింటికే పని మొదలుపెట్టమన్నదెవరు? గుండీలు చెక్కే మూడో లేతు మిషను అమ్మేయమన్నదీ, గుండీలు లెక్కపెట్టడం మాని తూకం వేయమన్నదీ ఎవరు? ప్రతి ఉత్తరంలో నువ్వు "నువ్వు చెప్పినట్టే చేశానక్కా" అని రాయలేదూ? నీ ఉత్తరాలన్నీ కొలతల పుస్తకాల బీరువాలో తేదీల వారీగా ఉన్నాయి. నిన్న తీసి చూశాను. నూట డెబ్భై నాలుగుసార్లు "చెప్పినట్టే చేశాను" అన్నావు. ఇంకో రెండుసార్లు "చేస్తున్నాను" అన్నావు.

నా దగ్గర నల్లకోట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ ఉంది. కోటు చంక దగ్గర పట్టేస్తోందని వస్తే, కత్తిరిస్తూ కత్తిరిస్తూ అడిగాను. "మీరు చెప్పినట్టే ఆ కంపెనీ నడిచిందా?" అంది. "నడవక?" అన్నాను గర్వంగా. ఆవిడ అద్దంలోంచి నా వంక అదోలా చూసి, "ఆ ఉత్తరాలు అవతలివాళ్ళ చేతికి దొరికితే మీరు పేరుకు డైరెక్టరు కారు, నిజం డైరెక్టరే. ఇక మూడో ముద్దాయిగా ఉండిపోవడమే" అంది.

భయం వేయలేదని చెప్పను. షాపు కళ్ళ ముందు తిరిగింది. అయినా అబద్ధం మీద నేను సంతకం పెట్టను. కుట్టు తప్పితే విప్పి కుట్టాను గానీ, పైన లేసు వేసి కప్పిపెట్టింది ఎప్పుడూ లేదు. నువ్వు పంపిన కాగితం వెనక వైపు తెల్లగా ఉంది కదా అని ఒకాయన చొక్కా కొలతలు రాసుకున్నాను.

మీ మేస్త్రిని అడిగానని చెప్పు. నా మాటలన్నీ అమలు చేస్తున్నది ఆయనే కదా, పాపం.

అక్క

జూన్ 20

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. బావని పక్కన ఉండమను.

నువ్వు చెప్పినవేవీ నేను చేయలేదు.

ఒక్కటీ చేయలేదక్కా. పాలిష్ డ్రమ్ము ఎక్కడుందో అక్కడే ఉంది. కిటికీ దగ్గరికి జరిపితే నీళ్ళ గొట్టం అందదు. పని తొమ్మిదిన్నరకే మొదలవుతుంది, పనివాళ్ళ బస్సు తొమ్మిదికి గానీ రాదు. మూడో లేతు అమ్మలేదు, అదే అన్నిటికంటే బాగా తిరుగుతోంది. బంగారు రంగు గుండీలు ఆపలేదు. నన్ను చంపినా సరే, మాకు అన్నం పెడుతున్నవి అవే.

మరి ఎందుకలా రాశావంటావు. మొదటి ఏడాది ఒకసారి "అది కుదరదక్కా" అని రాశాను. నువ్వు పదకొండు పేజీల ఉత్తరం రాశావు, చిన్నప్పుడు నేను చెప్పులు వద్దని ఉత్త కాళ్ళతో వెళ్ళి మేకు గుచ్చుకున్న రోజు దగ్గర్నుంచి ఎత్తుకుని. తర్వాతిసారి "నువ్వు చెప్పినట్టే చేశాను" అని రాస్తే పోస్టులో చొక్కా వచ్చింది. మళ్ళీ చేశానన్నాను, మళ్ళీ చొక్కా. అలవాటైపోయింది. ఇప్పుడు నా దగ్గర నువ్వు కుట్టిన చొక్కాలు ముప్ఫై ఒకటున్నాయి. మీ మరదలు వాటికి వేరే బీరువా కొంది.

లాయరుగారితో ఇదంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "భేష్, ఇదే మీ అక్కగారికి రక్ష. సలహా ఇవ్వడం వేరు, వ్యవహారం నడపడం వేరు. విననివాడికి ఇచ్చిన సలహా పెత్తనం కిందికి రాదు" అన్నారు. కాబట్టి ఆ కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. మళ్ళీ ఒక కాపీ పంపుతున్నాను. దీని వెనక కొలతలు రాయకు.

నా తప్పుకు నీ షాపు మూతపడితే నేను బతికుండగా నీ మొహం చూడలేను. దయచేసి సంతకం పెట్టు.

చిన్నోడు

జూన్ 25

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. చెప్పడానికి సిగ్గెందుకు, మిషను ముందు కూర్చుని ఏడ్చాను. షాపులో అందరూ పని ఆపి నా చుట్టూ చేరారు.

నన్ను కేసులోంచి తప్పించడానికి ఎంత అబద్ధమాడావురా! నువ్వు నా మాట ఒక్కటీ వినలేదంటే నేను నమ్ముతాననుకున్నావా? నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులివి. ఆరేళ్ళు నూట డెబ్భై నాలుగు ఉత్తరాల్లో అబద్ధాలు రాసేంత ఓపిక నీకెక్కడిది? బడిలో ఒక పేజీ కాపీరైటింగుకే చెయ్యి నొప్పని మూలిగేవాడివి. నీళ్ళ గొట్టం అందదని, బస్సు రాదని ఎంత వివరంగా అల్లావో! మీ బావకు చదివి వినిపించాను. "ఇందులో నిజం ఉన్నట్టుందే" అన్నాడు. ఆయనకు మన సంగతి ఏం తెలుసు?

నేను తేల్చుకున్నాను. జూలై 24న నేను వస్తున్నాను. కోర్టులో నిలబడి "కంపెనీ నా మాట మీదే నడిచింది, తప్పు జరిగితే నాకూ బాధ్యత ఉంది" అని చెప్తాను. నువ్వొక్కడివే బోనులో నిలబడితే చూస్తూ కూర్చోవడానికి నేనేమన్నా పరాయిదాన్నా?

యూనిఫారాల ఆర్డరు మా పెద్ద కటింగావిడ పేరు మీదికి మార్చమని ఆస్పత్రికి ఉత్తరం రాసిపెట్టాను. వచ్చే వారం వేస్తాను. ఆవిడ వద్దు వద్దంటోంది. ఇరవై ఏళ్ళు కట్టుకున్న షాపు, బోర్డు మీద పేరు చెరిపేటప్పుడు కొంచెం బాధగా ఉంటుంది. ఉండనీ. మనుషుల కంటే బోర్డు ఎక్కువా?

జైల్లో సూదీ దారం తీసుకెళ్ళనిస్తారా? మీ లాయరుగారిని అడిగి రాయి. మీ మేస్త్రికి నా నమస్కారాలు.

ప్రేమతో,
అక్క

జూన్ 29

అక్కా, అక్కా,

ఆస్పత్రికి ఆ ఉత్తరం వేయకు. వేసి ఉంటే పోస్టుమాస్టరు కాళ్ళు పట్టుకుని అయినా వెనక్కి తెచ్చుకో.

నేను నీ కోసం అబద్ధమాడలేదు. ఆరేళ్ళుగా ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు ఆపాను, అంతే. నాకు తలప్రాణం తోకకొచ్చింది. నిజం చెప్తే త్యాగమంటావేంటి?

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. అందులో రెండు కిలోల బంగారు రంగు గుండీలున్నాయి. సంచి మీద చీటీ చూడు, ఈ నెల ఇరవై ఏడున పోసినవి. హాజరు పుస్తకం పేజీల నకళ్ళున్నాయి. అన్నీ తొమ్మిదిన్నరే. డ్రమ్ము ఫోటో ఉంది. దాని కింద నేల చూడు, ఆరేళ్ళు ఒకేచోట ఉంటే తప్ప సిమెంటు అలా గుంటపడదు.

మేస్త్రి సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయక తప్పదు. లాయరుగారు ఆయన్ని కూర్చోబెట్టి, "మీ డైరెక్టరమ్మ ఎప్పుడైనా మీకు పనులు పురమాయించారా?" అని అడిగారు. "డైరెక్టరమ్మ ఎవరండీ?" అన్నాడు. "మీ ఓనరు గారి అక్కగారు" అంటే, "ఓ, చొక్కాలు పంపే ఆవిడా! చాలా మంచావిడండీ" అన్నాడు. నీ నమస్కారాలు కూడా నేను ఆయనకు చెప్పలేదక్కా. చెప్తే ఎందుకు పంపారని అడుగుతాడు, అప్పుడు నేనేం చెప్పను?

ఇంకొక్కటి ఉంది. కిందటేడు మార్చిలో ఆ కోట్లాయన మీ ఊరొచ్చినప్పుడు నీ షాపుకి పంపాను, గుర్తుందా? అప్పుడు నువ్వు ఇలా రాశావు, చూసి రాస్తున్నాను: "ఆయన చొక్కా గుండీలు మూడు రంగుల దారాలతో కుట్టి ఉన్నాయి, అదీ మగచేతి కుట్టు. కోట్ల కంపెనీ యజమాని తన గుండీ తానే కుట్టుకుంటున్నాడంటే దర్జీలు మానేసి వెళ్ళిపోయారన్నమాట. జీతాలు ఇవ్వట్లేదు. డబ్బు చేతిలో పడ్డాకే సరుకు పంపు." దానికి కూడా నేను "చెప్పినట్టే చేశాను" అని రాశాను. చేయలేదు. మిగతా నూట డెబ్భై మూడూ విననందుకు నాకు బాధ లేదు. ఇది విని ఉంటే మనిద్దరికీ సమన్లు వచ్చేవి కావు.

చిన్నోడు

జూలై 6

కాగితం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. అందులో రాసింది నిజమేనని ఇప్పుడు తెలిసింది.

ఆస్పత్రికి ఉత్తరం వేయలేదు. 24న రావడం లేదు.

గుండీలు బాగానే ఉన్నాయి, మెరుపు ఎక్కువైంది.

అక్క

జూలై 26

అక్కా,

నువ్వు అంత చిన్న ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పదకొండు పేజీల ఉత్తరానికి భయపడి ఇంత చేశాను గానీ, ఆ ఐదు లైన్లే ఎక్కువ భయపెట్టాయి. మీ మరదలు చదివి, "ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది" అంది.

కోర్టు సంగతి రాస్తాను, కోపంగానే చదువు.

రెజిన్ షావుకారు ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన లాయరు లేచి, "ఈవిడ వారం వారం ఉత్తరాలు రాసి కంపెనీ నడిపింది" అన్నాడు. మేము ఉత్తరాలు దాచలేదు, వాటి సంగతి ముందే కోర్టుకు రాసిచ్చాం. మా లాయరుగారు మొత్తం కట్ట బల్ల మీద పెట్టి, "నిజమే, రాశారు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఏమైందో చూద్దాం" అన్నారు. ఇక మొదలు. డ్రమ్ము జరపమన్నారు, జరగలేదు, ఇదిగో ఫోటో. ఎనిమిదింటికి రమ్మన్నారు, రాలేదు, ఇదిగో హాజరు పుస్తకం. మేస్త్రి సాక్ష్యం చెప్పాడు. ఎవరూ అడక్కుండానే "నేను కూడా అక్కగారు పంపిన చొక్కానే వేసుకొచ్చానండీ, ఓనరు గారు ఒకటి ఇచ్చారు" అన్నాడు. నేను తల దించుకున్నాను. కోర్టు హాలు మొత్తం నవ్వింది. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు గానీ పెన్ను కింద పెట్టారు.

తర్వాత ఆయన కోట్లాయన గురించి నువ్వు రాసిన ఉత్తరం చేతిలోకి తీసుకున్నారు. పైకి చదివారు. మూడు రంగుల దారాల దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. "ఈవిడ చేతిలో వ్యవహారం ఉండి ఉంటే ఈ కేసు నా ముందుకు వచ్చేదే కాదు. లేదని ఇంతకంటే ఏం రుజువు కావాలి?" అన్నారు. నీ పేరు కేసులోంచి తీసేశారక్కా. ఉత్తర్వు నకలు ఇందులో ఉంది. ఆస్పత్రి ఫారంలో ధైర్యంగా సంతకం పెట్టుకో.

నా పేరూ, కంపెనీ పేరూ మిగిలాయి. బయట వరండాలో షావుకారు నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఆ దారాల ఉత్తరం రాసింది మీ సొంత అక్కేనా?" అన్నాడు. అవునన్నాను. "ఆవిడ మాట ఎందుకు వినలేదు?" అన్నాడు. నేను చొక్కా గుండీ సవరించుకున్నాను. ఆయన చేతిలోని గొడుగుతో నేల మీద పొడుస్తూ నిలబడి, "నాకు నిన్ను జైల్లో పెట్టించి ఒరిగేది లేదు. ఐదు వాయిదాల్లో కట్టు, రాజీ పడతాను. కానీ నీ సంతకం మీద నమ్మకం లేదు. మీ అక్కగారు నిజంగా బాధ్యత తీసుకుంటే ఒప్పుకుంటాను. ప్రతి చెక్కు మీదా ఆవిడ సంతకం ఉండాలి" అన్నాడు.

లాయరుగారు కాగితాలు తయారుచేశారు. పంపుతున్నాను. ఈసారి పూర్తిగా చదువు. ఇందులో సంతకం పెడితే నువ్వు పేరుకు డైరెక్టరువి కాదు. ఐదిట్లో ఒక్క చెక్కు తిరిగొచ్చినా మొదట నిన్నే పిలుస్తారు, అప్పుడు ఏ ప్రమాణ పత్రమూ కాపాడదు. నీ షాపు మళ్ళీ చిక్కులో పడుతుంది. నువ్వు పెట్టకపోతే నేను ఏదో తిప్పలు పడతాను, ఫ్యాక్టరీ అమ్ముతాను. పెట్టమని అడగడం లేదు. ఆరేళ్ళ క్రితం అడిగిన పద్ధతిలో మళ్ళీ అడగలేను.

కోపం తగ్గకపోతే కనీసం ఆ సంగతైనా రాయి.

చిన్నోడు

ఆగస్టు 5

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి ఏడు రోజులైంది. ఏడు రోజులూ నాకు నీ మీద కోపమే. ఇవాళ పొద్దున కాస్త తగ్గింది, అందుకని రాస్తున్నాను. రేపు మళ్ళీ పెరగవచ్చు.

నన్ను బాధపెట్టింది ఏమిటో తెలుసా? కేసు కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, షాపు మూసి, నీకు ఉత్తరం రాసేదాన్ని. మీ బావ కునుకు తీసేవాడు. నేను మాత్రం ఆ పూట మీ ఫ్యాక్టరీలో తిరుగుతున్నట్టే ఉండేదాన్ని. డ్రమ్ము దగ్గర ఎండ పడుతోందనీ, ఎనిమిదింటికి గంట మోగుతోందనీ అనుకునేదాన్ని. అదంతా గోడకు చెప్పుకున్నానని తెలిసేసరికి, ఆరేళ్ళ ఆదివారాలు ఎవరో ఎత్తుకుపోయినట్టయింది. సంచిలో ఆ గుండీలు చూసి ఏడ్వలేదు. ఏడుపు కూడా రాలేదు.

ఉత్తర్వు చదివాను. "కంపెనీ వ్యవహారాలలో ఈమెకు ఎలాంటి పాత్రా లేదు" అని అచ్చేశారు. నేను తప్పించుకున్నానని షాపులో అందరూ సంబరపడ్డారు. ఆస్పత్రి ఫారంలో ముందుగానే సంతకం పెట్టిచ్చాను, సెప్టెంబరు నుంచి రెండేళ్ళకు ఆర్డరు రాసుకున్నారు. హాయిగా ఉండాల్సింది. ఆ ఒక్క వాక్యం మాత్రం మెడ దగ్గర లేబుల్ లాగా గుచ్చుకుంటూనే ఉంది.

నువ్వు పంపిన కొత్త కాగితాలు లాయరమ్మకు చూపించాను. ఆవిడ కూడా నువ్వు చెప్పిందే చెప్పింది: "సంతకం పెట్టారంటే ఇక తెలియదనడానికి లేదు. చెక్కు తిరిగొస్తే మీ తలుపే కొడతారు." మీ బావ "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. నీ దురద నాకెందుకంట! ఆయనకేం, ఒక్కడే కొడుకు, అక్క లేదు, తమ్ముడు లేడు.

రెండు రోజులు లెక్కలు వేశాను. నీ బంగారు రంగు గుండీలు నెలకెన్ని అమ్ముతున్నావో, రెజిన్‌కి ఎంత పోతుందో, జీతాలెంతో మరదల్ని అడిగి తెప్పించుకున్నాను. నీకు చెప్పొద్దన్నాను, చెప్పి ఉండదు. ఐదు వాయిదాలూ కట్టొచ్చు. ఆ బాకా గుండీలు ఆపకపోతేనే కట్టొచ్చు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

కాగితాలు ఇందులో ఉన్నాయి. నాలుగు చోట్లా సంతకం పెట్టాను, ఈసారి ప్రతి పేజీ చదివి పెట్టాను. చెక్కు పుస్తకం నాకు పంపెయ్. నెలలో పది రోజులు అక్కడే ఉంటాను, షాపు పెద్ద కటింగావిడ చూసుకుంటుంది. ఆదివారాలు ఉత్తరాలు రాయను, నీ ఎదురుగానే కూర్చుని చెప్తాను. కుదరనిది కుదరదని మొహం మీద చెప్పు. పోట్లాడుకుందాం. షావుకారుకి నా తరఫున చెప్పు, మొదటి వాయిదా ఒకటో తారీఖున పడుతుంది.

ఒరేయ్, ఆ దారాల సంగతి తప్పిస్తే, ఇన్నేళ్ళూ నా మాట వినకపోతే ఎవరికీ ఏమీ కాలేదు. ఇకమీద వినకపోతే నేను జైలుకెళ్తాను.

కాబట్టి వింటావు.

అక్క